పదకొండో కుర్చీ

నలభై ఎనిమిది గుండ్రటి టేబుళ్లు, టేబులుకు పది కుర్చీలు, మొత్తం నాలుగు వందల ఎనభై మంది. వీళ్లలో ఒక్కరు కూడా తలుపు దగ్గర నిలబడి నా కుర్చీ ఏదని దిక్కులు చూడకూడదు. చూశారంటే కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు పరీక్షలు నడిపిన నా ఉద్యోగం నీళ్లపాలైనట్టే. కానీ చూడరు. ఆ సంగతి నాకు తెలుసు, చెప్పులు విప్పేసి ఈ మెత్తటి తివాచీ మీద నడుస్తున్న నా పాదాలకు తెలుసు, చేతిలో ఉన్న పేర్ల కార్డుల కట్టకు కూడా తెలిసే ఉంటుంది. నాలుగు నుంచి అయిదు దాకా ఈ హాలు నాది. పూలవాళ్లు వేదిక పని ముగించి టీకి వెళ్లారు, వంటగది తలుపు వెనక గిన్నెల చప్పుడు తప్ప మనిషి అలికిడి లేదు, ఏసీ ఇంకా వెయ్యలేదు, తెల్లగుడ్డలు తొడిగిన కుర్చీలన్నీ బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. ఖాళీ హాలంటే నాకు ఎంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారు. పరీక్ష రోజు పిల్లలు రాకముందు బెంచీల మీద సుద్దముక్కతో నంబర్లు వేసి, ఆఖరి వరస వెనక నిలబడి ఒక్కసారి చూసుకునేదాన్ని. ఎక్కడిదక్కడ, ఎవరిది వాళ్లకి, ఎవరికీ ఎక్కువా లేదు తక్కువా లేదు. గంట కొట్టాక ఎలాగూ మనుషులొచ్చి చెడగొట్టేదే, అందుకని ఆ పది నిమిషాలూ కడుపునిండా చూసుకునేదాన్ని.

మేనకోడలు నెల కిందట వచ్చి, అత్తా, రిసెప్షనుకు నాలుగు వందల ఎనభై మంది తేలారు, వీళ్లందరినీ నువ్వే కూర్చోబెట్టాలి అన్నప్పుడు వాళ్ల నాన్న, అంటే మా అన్నయ్య, పేపరు అడ్డం తీయకుండానే, దానికేం, బెంచీకిద్దరు చొప్పున రోల్ నంబర్లు వేసి పడేస్తుంది అన్నాడు. అననీ. పెళ్లి పొద్దున్నే రిజిస్ట్రారు ఆఫీసులో అయిపోయింది, సంతకాలతో కలిపి ఇరవై నిమిషాలు, ఆ గదిలో ఆరు కుర్చీలుంటే లెక్కగా ఆరుగురమే వెళ్లాం. అసలు పరీక్ష సాయంత్రం ఆరింటికి. పరీక్ష హాల్లో కిటుకు ఒకటే, తెలిసినవాళ్లను పక్కపక్కన వెయ్యకూడదు. విందుకు ఆ కిటుకును తిరగేస్తే సరిపోతుందనుకుంటారు తెలియనివాళ్లు, అక్కడే బోల్తా పడతారు. బాగా తెలిసినవాళ్లనే పక్కపక్కన వేస్తే, పొద్దున ఫోన్లో చెప్పుకున్నదే మళ్లీ చెప్పుకుని సూపు చల్లారేలోపు ఆవులిస్తారు. బొత్తిగా తెలియనివాళ్లను వేస్తే గ్లాసుల వంక చూస్తూ కూర్చుంటారు. సగం తెలిసి సగం తెలియనివాళ్లను కలపాలి. మేనమామ కొడుకు ఒకడున్నాడు, మేమంతా రేడియో బావ అంటాం, నోట్లో నువ్వుగింజ నానదు. అతన్ని ఎక్కడ వెయ్యాలా అని వదిన రెండు రోజులు బెంగపడింది. పెళ్లికొడుకు తరఫు చెవిటి తాతగారి పక్కన వేశాను. తాతగారికి వినే మిషను తీసి జేబులో పెట్టుకుని తినడం అలవాటట. ఇద్దరికీ సుఖమే, టేబులుకంతటికీ సుఖమే.

పడనివాళ్లను దూరంగా వెయ్యమంటుంది వదిన. అందరూ అదే అంటారు. పడనివాళ్లను హాలుకు ఆ చివరొకళ్లను ఈ చివరొకళ్లను వేస్తే సరిగ్గా ఎదురెదురు పడతారు, ముద్ద ముద్దకూ తలెత్తి ఒకళ్లనొకళ్లు కొరకొరా చూసుకుంటారు, తిన్నది ఒంటబట్టదు. పడనివాళ్లను పక్కపక్క టేబుళ్ల మీద వీపుకు వీపు ఆనేట్టు వెయ్యాలి. వీపుకు కళ్లుండవు. ఈ ఒక్క ముక్క మీద నేను ఈ హాల్లో పదకొండు పాత తగువులు సర్దేశాను, పొలం గట్టు తగువుతో సహా. ఇరవై రెండో టేబులు వాళ్లూ ఇరవై మూడో టేబులు వాళ్లూ ఇవాళ ఒకరి వీపు వెచ్చదనం ఒకరికి తెలిసేంత దగ్గరగా కూర్చుని, హాయిగా భోంచేసి, అవతలివాడు రాలేదనుకుని ఇంటికి వెళ్తారు.

ఇంకో పద్ధతి ఉంది నాకు, ప్రతి కుర్చీలోనూ కూర్చుని చూస్తాను. నవ్వేవాళ్లు నవ్వచ్చు గానీ, కుర్చీ సంగతి కూర్చుంటే తప్ప తెలియదు. ముప్పై ఒకటో టేబులు దగ్గర ఒక కుర్చీకి కాలు పొట్టి, మార్పించాను. నలభై నాలుగుకు వంటగది తలుపు తెరిచినప్పుడల్లా వేడిగాలి కొడుతుంది, అక్కడ పెళ్లికొడుకు స్నేహితులను వేశాను, ఆ వయసులో వాళ్లకు తెలియదు. తొమ్మిదో టేబులు స్పీకరు నోట్లో ఉంది, దాని దగ్గర పిల్లలున్న వాళ్లను వేశాను, వాళ్లకు ఎలాగూ ఏమీ వినపడదు. ఇలా నిన్నటి నుంచీ ఒక్కొక్క కుర్చీలో కూర్చుని లేచి కార్డు పెట్టుకుంటూ వస్తున్నాను, మోకాళ్లు మూలుగుతున్నాయి, మూలగనీ. ఈ హాలు మేనేజరు మంచివాడే. నల్లకోటు, మెడలో విజిలు, చేతిలో ఎప్పుడూ ఒక ఖర్చీఫు. నిన్న నేను గీసిన కుర్చీల పటం చూసి మెచ్చుకుని, మెచ్చుకున్న నోటితోనే అడిగాడు.

“మేడం, ఈ టేబుళ్లకు పదకొండు పడతాయండీ. అందరూ వేయిస్తారు.”

“పది అంటే పదే. పదకొండోది వేస్తే పదిమందికీ మోచెయ్యి తగులుతుంది.”

“ఆఖరి నిమిషంలో ఎవరన్నా వస్తేనో?”

“ఆఖరి నిమిషంలో వచ్చేవాళ్లను ముప్పై ఒక్క ఏళ్లు గేటు బయట నిలబెట్టాను బాబూ. మీరేం కంగారుపడకండి.”

నిజమే, నిలబెట్టాను. గంట కొట్టి అరగంట దాటితే బ్రహ్మదేవుడు దిగివచ్చినా గేటు తెరిచేదాన్ని కాదు. సైకిలు పంక్చరైందని చేతులకు నల్లటి మరకలతో వచ్చిన కుర్రాడు, ఒక చెప్పు ఎక్కడో పోగొట్టుకుని పరుగెత్తుకొచ్చిన పిల్ల, హాల్ టికెట్ ఇంట్లో మరిచిపోయి మళ్లీ వెనక్కు వెళ్లొచ్చిన పిల్లాడి తండ్రి, అందరికీ ఒకటే మాట చెప్పేదాన్ని. సప్లిమెంటరీ ఉంటుంది నాయనా, రాసుకోవచ్చు, ప్రాణం పోదు. ఒక్కసారి ఒక్కళ్లకు తెరిస్తే రేపు వందమంది వస్తారు. కఠినురాలని పేరు వచ్చింది, రానీ, నా హాల్లో ఒక్క ఏడు కూడా అల్లరి జరగలేదు, ఒక్క పరీక్ష కూడా రద్దు కాలేదు. నిద్రలో లేపి అడిగినా గర్వంగానే చెబుతాను.

మిగతా టేబుళ్లన్నీ అయిపోయాయి. ఇక పదిహేడు. దీని దగ్గరకు కావాలనే ఆఖరున వచ్చాను, పిల్లలు ఐస్‌క్రీము ఆఖరికి దాచుకున్నట్టు. నా పనితనమంతా ఈ పదిహేడులో ఉంది. సంగతేమిటంటే, మాకొక తమ్ముడున్నాడు. అన్నయ్యకూ వాడికీ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. మేనకోడలు వెళ్లి వాడిని స్వయంగా పిలిచి వచ్చింది, అన్నయ్య అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పలేదు గానీ ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, కాఫీ కూడా ముట్టకుండా, చూడమ్మా, రానీ, తిననీ, కాదనను, నా కంట మాత్రం పడకూడదు, అలా వెయ్యి వాడి కుర్చీ అన్నాడు. మర్నాడు పొద్దున మేనకోడలు ఫోను. అత్తా, నేను స్టేజీ మీంచి చూస్తే బాబాయ్ నాకు కనపడాలి, రెండు గంటలూ కనపడుతూ ఉండాలి, లేకపోతే నేను నవ్వలేను అంది. ఈ పిల్లను భుజాలమీద ఎక్కించుకుని తిప్పింది, సైకిలు నేర్పింది, లెక్కల్లో తప్పితే వాళ్ల నాన్నకు చెప్పకుండా సంతకం పెట్టింది వాడే మరి. తండ్రికి కనపడకూడదు, కూతురికి కనపడాలి, ఆ ఇద్దరి మధ్యా ఉన్న దూరం పన్నెండు అడుగులు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను అనుకుంటారేమో, లేదు, నాకు ఇలాంటివంటే హుషారు. వారం రోజులు గళ్ల కాగితం మీద స్కేలు పెట్టి గీతలు గీశాను. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు. చివరకు దొరికింది, ఈ స్తంభం.

ఈ హాలుకు కుడివైపు ఒక లావుపాటి స్తంభం ఉంది. దాని వెనక టేబులును అందరూ తిట్టుకుంటారట, మేనేజరే చెప్పాడు. దాని వెనకే పదిహేడు. అందులో మూడో కుర్చీ. ఒకటో టేబులు దగ్గర అన్నయ్య కుర్చీ నుంచి ఈ మూడో కుర్చీకి గీత గీస్తే సరిగ్గా స్తంభం నడుం మీదుగా పోతుంది. వేదిక మీద పెళ్లికూతురి కుర్చీ ఎత్తున, కొంచెం ఎడంగా ఉంది కనుక అక్కడి నుంచి గీస్తే స్తంభాన్ని తాకకుండా పక్క నుంచి జారిపోతుంది. నిన్న మేనేజరును అన్నయ్య కుర్చీలో కూర్చోబెట్టి, నేను ఈ మూడో కుర్చీలో కూర్చుని చెయ్యి ఊపాను. కనపడట్లేదు మేడం అని అరిచాడు. అటూ ఇటూ వంగి చూడండి అన్నాను. వంగినా కనపడట్లేదండీ అన్నాడు. తర్వాత వేదిక ఎక్కి పెళ్లికూతురి కుర్చీలో, పాపం మొహమాటపడుతూ, అంచుమీద కూర్చున్నాడు. మేడం, కళ్లజోడుతో సహా కనపడుతున్నారు! అన్నాడు. ఆ క్షణంలో నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. రెండు తరాల కోరిక ఒక్క కుర్చీతో తీర్చాను, ఏ ఇంజనీరు చెయ్యగలడు?

తమ్ముడి కార్డు కట్టలో అడుగున ఉంది. పైకి తీశాను. అన్ని కార్డులూ నేనే రాశాను గానీ వాడి పేరు రాసేటప్పుడు ఎందుకో కలం కాస్త ఆగి మొదటి అక్షరం లావైంది. ఉండనీలే అని మళ్లీ రాయలేదు. కార్డు గ్లాసుకు ఆనించి పెట్టి, పద్ధతి ప్రకారం మూడో కుర్చీలో కూర్చున్నాను. నిన్న కూర్చున్నప్పుడు చెయ్యి ఊపే హడావిడిలో వేదికనూ మేనేజరునూ తప్ప ఏమీ చూడలేదు. ఇవాళ వాడిలాగా కూర్చున్నాను, మోచేతులు బల్ల మీద పెట్టి, కాస్త ముందుకు వంగి. ఎదురుగా స్తంభం. బూడిదరంగు వేశారు, నడుం ఎత్తున ఎవరో గోటితో గీరిన గీత ఉంది. స్తంభం అంచు మీదుగా, అవును, వేదిక కనపడుతుంది, పెళ్లికూతురి కుర్చీ కనపడుతుంది. స్తంభం వెనక అన్నయ్య ఉంటాడు, కనపడడు. వాడికి తెలుస్తుంది. ఆ స్తంభం అక్కడ ఊరికే లేదని, అక్కయ్యే దాన్ని అక్కడ పెట్టిందని, కూర్చున్న మరుక్షణం వాడికి తెలుస్తుంది. వాడు మొద్దేమీ కాదు. ఎడమచేతి వైపు వంటగదికి వెళ్లే చిన్న తలుపు, దానికి మొహం ఎత్తున చదరపు అద్దం. అద్దంలోంచి వెళ్లేవాళ్ల వీపులు కనపడుతున్నాయి.

అలాంటి అద్దమే. అక్కడ కూడా మొహం ఎత్తునే. తొమ్మిదేళ్ల కిందట, ఆస్పత్రిలో నాన్నను పెట్టిన గదికి. లోపల ఒక ఇనుప మంచం, ఒక ఇనుప కుర్చీ, ఆ కుర్చీలో అన్నయ్య, తలుపు వైపు వీపు పెట్టి. రోగి దగ్గర ఒక్కరే ఉండాలి, మనిషి మారాలంటే నాలుగింటికే అని గోడమీద రాసి ఉంది, ఎర్ర అక్షరాలు, చదవడానికి బాగుండేవి. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. మూడుంపావుకు తమ్ముడు మెట్లెక్కి వచ్చాడు, భుజాన సంచి, పద్నాలుగు గంటలు బస్సులో నిలబడి వచ్చిన మొహం. ఎలా ఉన్నాడక్కా అన్నాడు. ఉన్నాడు అన్నాను. తలుపు మీద చెయ్యి వేశాడు. అక్కడ వాచ్‌మన్ కూడా లేడు, టీకి వెళ్లాడు. తలుపుకు తాళం లేదు. తాళం నేనే. ఆగరా, ఒక్కరే ఉండాలి, అన్నయ్య నాలుగింటికి బయటకు వస్తాడు, అప్పుడు వెళుదువుగాని అన్నాను. అక్కా, ఒక్కసారి మొహం చూపించి వస్తా అన్నాడు. నలభై అయిదు నిమిషాలేగా, ఆగు అన్నాను. వాడు ఆగాడు. చిన్నప్పటి నుంచీ నా మాట వినేవాడు, అదే వాడి ఖర్మ. సంచి కూడా దించకుండా ఆ అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాడు. నేను లేచి తలుపు తీసి, అన్నయ్యా, వాడొచ్చాడు అని ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. లోపలికి వెళ్లి చెప్పడం కూడా రూలుకు విరుద్ధమే అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, ఎర్ర అక్షరాలకేసి చూసి. నాలుగుకు అయిదు నిమిషాలుండగా లోపల నర్సు పరుగెత్తింది. ఆ గదికి సప్లిమెంటరీ లేదు.

అన్నయ్య బయటకు వచ్చాడు, ఎదురుగా తమ్ముణ్ణి చూశాడు, భుజాన సంచితో, అప్పుడే బస్సు దిగినట్టు ఉన్న వాణ్ణి. ఇప్పుడా రావడం? అన్నాడు. అంతే. వాడు సంచి భుజం మార్చుకుని గోడవైపు తిరిగాడు. అన్నయ్య ఒకసారి సెలైన్ సీసా చూడటానికి వెనక్కి తిరిగాడనీ, అద్దంలో తనను చూసి కూడా లేవలేదనీ వాడనుకున్నాడు. పైగా ఎకసెక్కం కూడానా అనుకున్నాడు. వాడు సమయానికి రాలేదు, వచ్చాక తప్పయిందని కూడా అనలేదు అని అన్నయ్య అనుకున్నాడు. ఈ రెండూ నాకెలా తెలుసు అంటే, ఇద్దరూ నాకే చెప్పుకున్నారు, వేరువేరుగా, మూడో కంటికి తెలియనివ్వకు అంటూ. ఇద్దరి జవాబు పత్రాలూ తొమ్మిదేళ్లుగా నా బీరువాలోనే ఉన్నాయి, రెండూ తప్పే, సరైన జవాబు నాకొక్కదానికే తెలుసు. మొదటి రోజే చెప్పి ఉంటే అది ఉత్త పొరపాటుగా పోయేది. ఆ వారం చెబుదామనుకున్నాను, ఇంటినిండా జనం. ఆ ఏడు చెబుదామనుకున్నాను, అన్నయ్యకు గుండె పరీక్షలు. తర్వాత చెబుదామనుకోవడమే మానేశాను. ఇద్దరికీ మిగిలింది నేనే. ఆదివారాలు అన్నయ్య వస్తాడు, బుధవారాలు తమ్ముడు ఫోను చేస్తాడు, చెబితే ఇద్దరూ పోతారు. నాకది భయం, మరేం కాదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, పైగా ఆ ఇద్దరి మధ్య స్తంభం ఎక్కడ నిలబెట్టాలా అని గళ్ల కాగితం మీద వారం రోజులు గీతలు గీసుకుని, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఫోను టింగుమంది. తమ్ముడే. అక్కా, ఆటోలో ఉన్నా, జనం రాకముందే వచ్చి పిల్లను చూసేసి, ఇంత తినేసి వెళ్లిపోతా, తలుపు దగ్గర కుర్చీ ఒకటి ఇవ్వు చాలు. తలుపు దగ్గర. తొమ్మిదేళ్ల తర్వాత కూడా వాడు అడిగేది తలుపు దగ్గరి చోటే. ఆ అక్షరాలు చదువుతుంటే ముందు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది, నామీద. నాలుగు వందల ఎనభై కుర్చీల్లో కూర్చుని చూసిన మనిషిని, ఆ ఒక్క ఇనుప కుర్చీ దగ్గర, ఆ ఒక్క తలుపు దగ్గర నిలబడి చూడలేదు. ఏడుపు తర్వాత వచ్చింది, రెండు నిమిషాలే వచ్చింది, పేపరు నాప్‌కిన్‌తో తుడుచుకున్నాను. గోడ గడియారం నాలుగూ నలభై. పరీక్షలో ఇరవై నిమిషాలు మిగిలిందంటే పిల్లలతో ఏమనేదాన్ని? ఇప్పటిదాకా రాయనిది ఇప్పుడు రాయండి, పేజీలు తిరగేయకండి. నేను ఒకటి తేల్చుకున్నానంటే ఇక వెనక్కి తిరిగి చూసే రకాన్ని కాను. కార్డు తీసుకుని లేచాను, మోకాళ్లు కూడా మూలగలేదు.

ఒకటో టేబులులో పదీ నిండాయి. పెళ్లికొడుకు అమ్మానాన్నలు, వాళ్ల నానమ్మ, ఇద్దరు మేనమామలు, వాళ్ల భార్యలు, వదిన, అన్నయ్య, అన్నయ్యకు ఇటుపక్క నేను. నా కుర్చీ తమ్ముడికిచ్చి నేను పదిహేడుకు పోవచ్చు. అదే ముందు తోచింది. గొప్ప త్యాగం చేసినట్టు ఉంటుంది, స్తంభం వెనక దాక్కున్నట్టు కూడా ఉంటుంది. వద్దు. పక్కనే ఉండాలి నేను, ఇద్దరూ నన్ను తిట్టేంత దగ్గరలో. మేనేజరు తలుపు దగ్గర టేబుళ్ల నంబర్లు సరిచూస్తున్నాడు, పిలిచాను.

“ఏమండీ, ఇంకో కుర్చీ కావాలి. ఒకటో టేబులుకు.”

ఆయన ఖర్చీఫు మొహం మీద ఆగిపోయింది. “పదకొండు పడవన్నారు కదా మేడం?”

“పడతాయి. తలా కాస్త జరుపుకుంటే పడతాయి.”

తెల్లగుడ్డ తొడిగిన కుర్చీలన్నీ సరిగ్గా లెక్కపెట్టి తెప్పించింది నేనే కనుక ఇంకోటి లేదు, స్తంభం వెనక కుర్చీని మాత్రం వాడికి తేదలుచుకోలేదు. ఆయన ఆఫీసు గదిలోంచి తన కుర్చీ తెచ్చాడు, గుడ్డ లేనిది, చేతులున్నది, ఒక చెయ్యి మీద రంగు పోయింది. నాలుగు వందల ఎనభై తెల్ల కుర్చీల మధ్య అది ఎబ్బెట్టుగా ఉంది. అన్నయ్య కుర్చీనీ నా కుర్చీనీ చెరో జానెడు జరిపి మధ్యలో ఇరికించాను. కార్డు పెట్టాను. పద్ధతి ప్రకారం అందులోనూ కూర్చుని చూశాను. మోచెయ్యి తగులుతుంది, అవును, అటూ తగులుతుంది, ఇటూ తగులుతుంది.

అన్నయ్య అయిదుకు పది నిమిషాలుండగా వచ్చాడు. కొత్త కోటు, భుజాల దగ్గర కాస్త బిగుతు, కూతురి పెళ్లి చేసినవాడి తృప్తి మొహమంతా. ఏమేవ్, అయిందా నీ బెంచీల పంపకం అంటూ వచ్చి తన కుర్చీలో కూలబడి, కాళ్లు చాపి, వేదిక వంక చూసి, బాగుంది బాగుంది అని, పక్కనున్న పాత కుర్చీని చూసి, కార్డు చూశాడు. నేను ఎదురుగా నిలబడే ఉన్నాను. నిలబడి మాట్లాడటం నాకు అలవాటే.

“ఇదేమిటి? నేను నీతో ఏం చెప్పాను?”

“చెప్పావు. ఇప్పుడు నేను చెబుతాను విను. నాన్న పోయిన రోజు వాడు మూడుంపావుకే వచ్చాడు.”

“నాలుగు దాటాక వచ్చాడు. నేను చూశానుగా.”

“నువ్వు బయటికొచ్చి చూశావు. అంతకుముందు నలభై నిమిషాలు వాడు అద్దంలోంచి నీ వీపు చూస్తూ నిలబడ్డాడు, అన్నయ్యా.”

“లోపలికి రావచ్చుగా? నేను లేచేవాణ్ణిగా?”

“నేను రానివ్వలేదు. ఒక్కరే ఉండాలన్నాను. నీకు చెప్పనూ లేదు. నువ్వు చూసి కూడా లేవలేదని వాడు అనుకున్నాడు, వాడు రానే లేదని నువ్వు అనుకున్నావు. నాకు రెండూ తెలుసు. తొమ్మిదేళ్లు నోరు మూసుకున్నాను.”

అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను, తడబడలేదు. తిడతాడనుకున్నాను. తిడితే పడటానికి భుజాలు బిగించుకుని సిద్ధంగా ఉన్నాను. అన్నయ్య తిట్టలేదు. ఆ పాత కుర్చీ చెయ్యి మీద, రంగు పోయిన చోట, వేలితో రుద్దాడు. ఇంత పెద్ద మనిషి, బిగుతు కోటులో, ఒక్కసారిగా చిన్నవాడైపోయాడు.

“నాన్న రెండుసార్లు అడిగాడే,” అన్నాడు. “చిన్నోడు వచ్చాడా అని. రాలేదు నాన్నా అన్నాను. రెండుసార్లూ అదే చెప్పాను.”

ఇది నాకు తెలియదు. అన్ని జవాబులూ నా బీరువాలోనే ఉన్నాయనుకున్నాను, ఇది లేదు. ఈ మాట అన్నయ్య తొమ్మిదేళ్లు ఎవరికీ చెప్పుకోలేదు, నాకు కూడా. రాలేదు నాన్నా అని అన్నయ్య లోపల చెబుతుంటే, ఆ అద్దానికి ఇవతల, ఆరడుగుల దూరంలో వాడు సంచితో నిలబడి ఉన్నాడు, మధ్యలో బెంచీ మీద నేను కాళ్లు ముడుచుకుని రూలు కాపలా కాస్తున్నాను. తప్పయింది అన్నయ్యా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత మామూలుగా వచ్చిందో, ఇన్నేళ్లూ ఎందుకు రాలేదో నాకే తెలియలేదు. నీ సంగతి తర్వాత చెబుతాను అన్నాడు, నా వంక చూడకుండా. చెప్పనీ. ఆదివారం వస్తాడో రాడో, బుధవారం ఫోను వస్తుందో రాదో. రెండూ పోయినా సరే అని గట్టిగా అనుకున్నాను, కాళ్ల కింద తివాచీ మెత్తగా తగులుతోంది, చెప్పులు ఇంకా వేసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

హాలు తలుపు తెరుచుకుంది. తమ్ముడు. జుట్టు సగానికి పైగా నెరిసింది, వాడికి కూడా. ఇస్త్రీ చొక్కా, చేతిలో కాగితం చుట్టిన పెట్టె. ఖాళీ హాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు, గోడ పక్కన పెట్టిన పెద్ద పటంలో తన పేరు వెతుక్కుంటున్నాడు, పదిహేడో టేబులు దగ్గర ఇందాక నేనే కొట్టేసిన పేరు. దొరకలేదు. తల తిప్పి తలుపు దగ్గర ఖాళీ ఏదైనా ఉందా అని చూస్తున్నాడు. నాలుగు వందల ఎనభై మందిలో ఒక్కడు, నా కుర్చీ ఏదని దిక్కులు చూస్తూ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇలా రారా అని పిలవడానికి నోరు తెరిచాను. అక్కర్లేకపోయింది. నా ఎదుట కుర్చీ కిర్రుమంది, అన్నయ్య లేచాడు.